బుర్ఖా చూపించి భయపెడితే?

హారర్ సినిమాలో దెయ్యం కనిపించాక భయం సగం పోతుంది. అసలు భయమంతా అంతకుముందే. 2022లో వచ్చిన తెలుగు సినిమా 'మసూద' మొదట్లో బాగా పట్టుకున్నది అందుకే. భర్తకు దూరంగా ఉంటున్న టీచరు నీలం, ఆమె కూతురు నాజియా. పిల్ల తీరు మారిపోతుంటే ఏం చేయాలో తెలీక ఆ తల్లి పక్కింటి కుర్రాడి సాయం అడుగుతుంది. ఆ కంగారు ఏ ఇంట్లోవాళ్లకైనా తెలిసిందే.

తర్వాత బుర్ఖా ఆకారం వస్తుంది. ముస్లిం ఇళ్లల్లో అమ్మీ, ఖాలా బజారుకు వేసుకెళ్లే బట్ట అది. దాన్ని చూసి హాలంతా కేకలు పెడుతుంటే పక్కన కూర్చున్న ఆ ఇంటి పిల్లలకు భయం కాదు, ఇబ్బంది.

బాబక్ అన్వరీ 2016లో తీసిన పర్షియన్ సినిమా 'అండర్ ద షాడో'లోనూ జిన్ను చాదర్ రూపంలోనే వస్తుంది. కానీ అది ఇరాన్-ఇరాక్ యుద్ధకాలపు టెహ్రాన్. డాక్టరైన భర్త యుద్ధానికి వెళ్లాడు, పైఅంతస్తులో క్షిపణి పడింది. జిన్నుకు జడిసి కూతురితో పరిగెత్తిన షిదేను, తల కప్పుకోలేదని బయట అరెస్టు చేస్తారు. ఇంట్లో ఉండలేదు, వీధిలోకి పోలేదు. ఆ చాదర్ ఎందుకు భయపెడుతుందో అప్పుడు అర్థమవుతుంది.

మసూదకూ ఒక గతం చెప్పారు, నిజమే. ఆ ఫ్లాష్‌బ్యాక్ వచ్చేలోపే ప్రేక్షకుడు బుర్ఖాకి భయపడిపోయాడు.