‘లూజింగ్ మై రిలీజియన్’ అంటే మతం వదిలేయడం కాదు

పిల్లల ఫోన్‌లో ‘లూజింగ్ మై రిలీజియన్’ అనే పాట పేరు కనిపిస్తే ఏ అమ్మీకైనా, అబ్బాకైనా గుండె గుభేలుమంటుంది. మాటకు మాట తెలుగు చేస్తే ‘నా మతాన్ని పోగొట్టుకుంటున్నా’ అని వస్తుంది. దీన్ వదిలేయమనే పాటేమో అని అనుమానం రావడం సహజం. మ్యూజిక్ వినొచ్చా లేదా అనేది వేరే చర్చ, దాన్ని ఆలిమ్‌లకు వదిలేద్దాం. కానీ ఈ పేరుకు అర్థం మాత్రం అది కాదు.

ఇది ఆర్ఈఎం అనే అమెరికన్ బ్యాండ్ పాట. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊరుంది. అక్కడ 1980లో నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ అది. అమెరికా దక్షిణాదిన ‘రిలీజియన్ పోగొట్టుకోవడం’ అనేది ఒక పాత నానుడి. ఓపిక నశించింది, కోపం ఆగట్లేదు, ఇక నా వల్ల కాదు అని చెప్పడానికి వాడతారు. మన దగ్గర ఎవరైనా ‘దిమాగ్ ఖరాబైంది’ అంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తామా? ‘చుక్కలు చూపించాడు’ అంటే ఆకాశం వైపు చూస్తామా? ఇదీ అంతే.

గాయకుడు మైకేల్ స్టైప్ చెప్పిన ప్రకారం ఇది ఒకవైపు ప్రేమ గురించిన పాట. ఒకరి మీద మనసు పడి, వాళ్ల ప్రతి కదలికలో ఏదో సూచన వెతుక్కుంటూ నలిగిపోయే మనిషి గోడు. ఉర్దూ గజల్ తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. ప్రేమించిన మనిషిని ‘కాఫిర్’ అనడం, ఇష్క్‌లో ఈమాన్ పోయిందనడం అక్కడ మామూలే. ముషాయిరాలో పెద్దవాళ్లే వాహ్ వాహ్ అంటారు. నిజానికి గజల్‌లో కవి కావాలనే మతం మాటలతో ఆడుకుంటాడు. ఈ పాట పేరులో ఆ ఆట కూడా లేదు, ఉన్నది ఒట్టి ఊరి మాట.

ఇక పాట విడుదల కథ. గిటారిస్ట్ పీటర్ బక్ కొత్తగా మాండలిన్ కొనుక్కుని, ఇంట్లో టీవీ చూస్తూ వాయించడం నేర్చుకుంటుండగా ఈ ట్యూన్ పుట్టింది. (మాండలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు గుర్తొస్తారు. రాక్ పాటలో ఆ వాయిద్యం ముందు వరుసలో ఉండటం అరుదు.) ఆల్బమ్ కంటే ముందు ఒక పాటను విడిగా మార్కెట్‌లోకి వదిలితే దాన్ని సింగిల్ అంటారు. షాపువాడు సరుకు అమ్మేముందు శాంపిల్ చూపించినట్టు. శాంపిల్ బాగోకపోతే మొత్తం సరుకు మూలన పడుతుంది. అందుకే వార్నర్ బ్రదర్స్ కంపెనీ వెనకాడింది. జనం పట్టుకుని పాడుకునే పల్లవి లాంటిది లేదు, పైగా పాటను నడిపేది మాండలిన్. బ్యాండ్ మాత్రం ఇదే కావాలని పట్టుబట్టింది.

1991 ఫిబ్రవరి 19న సింగిల్ వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 4వ స్థానం దాకా వెళ్లింది. ఆ చార్టులో ఆర్ఈఎంకు అంతకంటే పై స్థానం ఎప్పుడూ రాలేదు. మార్చిలో వచ్చిన ‘అవుట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ అమెరికాలో, బ్రిటన్‌లో నంబర్ 1 అయింది. అదీ ప్రచారానికి పెద్ద టూర్ ఏదీ చేయకుండానే!

వీడియో తీసింది మన దేశంవాడే. జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. భారతీయ సినిమాల్లోని కలలాంటి మెలోడ్రామా, ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో బొమ్మలు, రెక్కలున్న ముసలివాడి గురించి మార్కేస్ రాసిన కథ అన్నీ అందులో కలిశాయి. మతానికి సంబంధించిన దృశ్యాలు వీడియోలో ఉన్న మాట నిజమే. పేరు చూసి వచ్చిన అనుమానం వీడియో చూశాక ఇంకా బలపడేది అందుకే. ఆ ఏడాది ఎంటీవీ అవార్డుల్లో ‘వీడియో ఆఫ్ ది ఇయర్’తో కలిపి 6 అవార్డులు, తర్వాతి ఏడాది పాటకొకటి, వీడియోకొకటి చొప్పున రెండు గ్రామీలు వచ్చాయి.

బ్యాండ్ 2011లో విడిపోయింది. వీడియో 2022లో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటింది.