కారు మెరుపు: కాంపౌండు, ప్యాడు

విశాఖపట్నమున ఫిషింగ్ హార్బరు సమీపమున కారు నిలుపువారికి ఒక సంగతి త్వరలోనే తెలిసివచ్చును. రాత్రి కడిగి తుడిచిన బండి మీద తెల్లవారునప్పటికి జిగటగా ఏదో పట్టియుండును. వ్రేలితో తాకినచో నల్లని చార అంటును. ఆ జిగట సముద్రపు ఉప్పు. ఆ నలుపు రేవులో దిగు బొగ్గు, ఇనుప ఖనిజముల ధూళి. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు మించినప్పుడు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకొని ద్రవమగును. తెల్లవారుజామున సముద్రపుటొడ్డున తేమ ఆ హద్దు దాటుట సామాన్యము. ఆ ఉప్పునీటి పొర ధూళిని జిగురువలె పట్టుకొనును. ఎండ ఎక్కిన కొలది నీరు ఆరిపోవును. ధూళి మాత్రము రంగును కరచుకొని మిగులును. చేపల పొలుసు, ఐసునీటి మరకలు, కాకుల రెట్టలు హార్బరు అదనముగా ప్రసాదించు కానుకలు.

ఇట్లు రెండు వర్షకాలములు గడచినవి. మా కారు ముదురునీలపు రంగు బూడిద చల్లినట్లయినది. హార్బరులో బోట్లకు రంగులు వేసి మెరుగుపెట్టు పనివాడొకడు మాకు పరిచితుడు. అతనిని అడిగితిమి. “ఫైబరు బోటుకే మెరుపు తెచ్చినోణ్ణి బాబూ, కారొక లెక్కేటి?” అని అతడు నవ్వెను. ఆ మాట అబద్ధమును కాదు. అతడు మెరుగుపెట్టిన బోట్లను మేము కన్నులార చూచినవారమే. బోట్లకు వాడు ముతక కాంపౌండునే తెచ్చి, గొఱ్ఱెబొచ్చు ప్యాడును మెషినుకు బిగించి, బానెట్టు మీద ఆడించెను. పది నిమిషములలో అది అద్దమైనది. మేము మురిసిపోయితిమి. మరి కొంతసేపటికి బానెట్టు అంచున అరచేతి వెడల్పున బూడిదరంగు మచ్చ తేలెను. అది మురికి కాదు. రంగంతయు అరిగిపోయి అడుగునున్న ప్రైమరు బయటపడినది. అతడు మాకంటె ఎక్కువగా నొచ్చుకొనెను. తప్పు అతని యొక్కనిది కాదు. ఏమి అడుగవలెనో మాకును తెలియదు.

ఆ మచ్చ మాకు నేర్పిన పాఠము కొలతకు సంబంధించినది. ఫైబరు బోటు పైపొరను జెల్‌కోటు అందురు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు, అనగా 500 మైక్రానులు. నేటి కార్లపై రంగుకు మీదుగా పూయు పారదర్శకమైన పొర క్లియర్ కోటు. దాని మందము సాధారణముగా 40 మొదలు 50 మైక్రానులు మాత్రమే, తలవెండ్రుక కంటె పలుచన. బోటు పదిసార్లు ఓర్చుకొను రాపిడిని కారు ఒక్కమారైనను ఓర్చలేదు. అంచుల వద్దను, మలుపుల వద్దను పొర మరింత పలుచగా నుండును. ప్యాడు ఒత్తిడియు అచ్చటనే అధికము. మా బానెట్టు అంచుననే పోవుటలో వింత లేదు.

పాలిష్ అనగా మెరుపును పూయుట యని పలువురు భావింతురు. పూయుట కాదు, అరగదీయుట. గీతలున్న పొరను గీతల లోతువరకు తీసివేసి నునుపు చేయుటయే పాలిష్. తేలికయైన పాలిష్ ఒక మైక్రానుకు లోపుగనే తీయవచ్చును. ముతక కాంపౌండు రెండు మూడు మైక్రానులు, కొన్నిమార్లు అంతకు మించియు తీయును. ఆ పొర తిరిగి పెరుగునది కాదు. సూర్యరశ్మి నుండి రంగును కాపాడునదియు అదియే. పొర పలుచబడిన చోట కొన్ని ఏండ్లకు రంగు పొట్టు లేచును. కాబట్టి ప్రతి పండుగకు కారును పాలిష్ పట్టించువారు దాని ఆయువును తామే హరించుచున్నారు.

పాత కార్ల సంగతి వేరు. 1920వ దశకమున అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డూకో అను త్వరగా ఆరు లాకరును తెచ్చినది. ఆ పేరు మన రంగుల షెడ్లలో నేటికిని వినవచ్చును. అట్టి రంగులకు క్లియర్ కోటు లేదు. రంగు పొరయే పైపొర. దానిని కనుగొనుట సులభము. కనబడని మూల తెల్లని గుడ్డతో కొంచెము పాలిష్ రుద్దవలెను. గుడ్డకు కారు రంగు అంటినచో అది పాత పద్ధతి రంగు. అంటనిచో పైన క్లియర్ కోటు ఉన్నదని గ్రహింపవచ్చును.

కాంపౌండులో ముఖ్యమైనది సానపొడి. అది చాలవరకు అల్యూమినియం ఆక్సైడు. కాఠిన్యమున వజ్రమునకు ఒక మెట్టు దిగువ. రేణువు ముతకైనచో త్వరగా కోయును, మసక మిగుల్చును. సన్నదైనచో మెల్లగా కోయును, మెరుపునిచ్చును. కొన్నిటిలో రేణువులు రుద్దిన కొలది నలిగి సన్నబడును. అట్టివానిని అవి నలుగువరకు ఆడింపవలెను, నడుమ ఆపరాదు. ఇక ప్యాడు. గొఱ్ఱెబొచ్చు అన్నిటికంటె ఎక్కువ కోయును. మైక్రోఫైబరు ప్యాడు దాని తరువాతిది. స్పాంజి ప్యాడులలో గట్టివి, మెత్తవి కలవు. వాని రంగులను చూచి మోసపోరాదు. ఒక కంపెనీ నారింజరంగు ప్యాడు మరియొక కంపెనీ పసుపురంగు దానికి సమానము కావచ్చును. అందరికి చెల్లు నియమమేదియు లేదు. నొక్కి చూచి గట్టిదనమును తెలిసికొనుట మేలు.

కాంపౌండు, ప్యాడు రెండును కలిసియే పనిచేయును. మెత్తని స్పాంజి, సన్నని పాలిష్ లతో ఆరంభించి, బానెట్టు నడుమ అడుగున్నర చదరపు చోట ప్రయత్నింపవలెను. గీతలు పోవనిచో మొదట ప్యాడును మార్చవలెను. అప్పటికిని పోవనిచో కాంపౌండును మార్చవలెను. షెడ్లలో క్రమము తారుమారు. ముందు ముతకది పట్టింతురు, పిమ్మట మైనముతో మసకను కప్పుదురు. రెండు వానలకు మైనము పోయి సాలెగూటివంటి గీతలు ఎండలో బయటపడును. మోసమును పట్టుటకు ఉపాయమొకటి కలదు: నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఎండలో చూచినచో ఉన్నదున్నట్లు కనబడును.

పాలిష్ కంటె ముందు చేయవలసిన పనియే మన ఊరికి ముఖ్యము. సముద్రపు ఇసుక కాఠిన్యము మోస్ కొలమానమున 7, ఇనుప ఖనిజము సుమారు 6. అట్టి రేణువు ప్యాడు క్రింద చిక్కినచో ఎంత మంచి పాలిష్ అయినను గీతలే మిగులును. కావున ముందు ధారాళముగా నీరు పోసి ధూళిని జారనీయవలెను, పిమ్మటనే షాంపూ. రెండు బకెట్లు ఉండవలెను. ఒకటి షాంపూకు, రెండవది గుడ్డను జాడించుటకు. చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి తలుపును నిమిరినచో మిగిలిన గరుకు తెలియును. రైలుచక్రముల నుండి, బ్రేకుల నుండి రాలిన ఇనుపరజను రంగులో నాటుకొనియుండును. దానిని కరిగించు ద్రవము అంగడిలో దొరకును. చల్లినంతనే ఊదారంగుకు తిరిగి కారును. దానిని ఆరనీయక కడుగవలెను. అప్పటికిని గరుకు మిగిలినచో నీరు, షాంపూ కలిపి తడిచేసి, డిటెయిలింగ్ క్లేతో మెల్లగా నిమురవలెను. క్లే ముద్ద నేలపై పడినచో దానిని పారవేయుటయే మంచిది. దానికి అంటిన ఇసుక వదలదు.

ఇక రుద్దుట. నీడలో, రేకు చల్లగా నుండగా చేయవలెను. అంచులకును, రబ్బరు పట్టీలకును మాస్కింగ్ టేపు అంటింపవలెను. ఈ ఒక్క టేపు ఉన్నచో మా బానెట్టు దక్కియుండెడిది. ప్యాడుపై శనగగింజంత కాంపౌండు నాలుగు చోట్ల ఉంచిన చాలును. గుండ్రముగా తిరుగుచునే ఊగునట్టి మెషిను గృహస్థులకు క్షేమకరము. ఒకేచోట గిరగిర తిరుగు రోటరీ మెషిను చేయితిరిగిన పనివానికే తగును, ఏలయన ఒక క్షణము నిలిచినను రంగు కాలును. మెషినును సెకనుకు అంగుళము చొప్పున జరుపుచు, నిలువుగను అడ్డముగను నాలుగైదు మార్లు నడపిన చాలును. ఒక్కొక్క పలక పూర్తి కాగానే ప్యాడును బ్రష్షుతో శుభ్రపరుపవలెను. అరచేతి వెనుకభాగముతో రేకును తాకి చూచుచుండవలెను; వెచ్చదనము దాటి వేడి తగిలినచో ఆపవలెను. గోరు చిక్కుకొనునంత లోతైన గీతను పాలిష్ తీయజాలదు. దాని జోలికి పోక వదలుటయే ఉత్తమము.

మా బానెట్టు మరల రంగు వేయించితిమి. షెడ్డులో వేయు రంగు కర్మాగారపు రంగువలె సుమారు 140 డిగ్రీల వేడిలో కాలినది కాదు. ఎంతయో తక్కువ వేడిలో ఆరినది. అందుచేత కొంత మెత్తన. ఆ బానెట్టుకు ఇప్పుడు మెత్తని స్పాంజియే వాడుదుము, అదియు అరుదుగా. వారమున కొకమారు మంచినీటి స్నానము, మూడు నెలలకు మైనము. పాలిష్ మెషినును మాత్రము మేము తాకి ఏడాది దాటినది. హార్బరునకు చేపలకు పోవు ఉదయములందు ఆ పనివాడు అప్పుడప్పుడు ఎదురుపడును. ముందుగా బానెట్టు అంచును వంగి చూచి, ఆ పిమ్మటనే మమ్ము పలుకరించును.