పరిశోధకుల డెస్క్‌టాప్ కంప్యూటర్: భాగాల మార్పా, నూతన నిర్మాణమా?

వ్యాససంగ్రహం:
పరిశోధకులు, అధ్యాపకులు వాడే డెస్క్‌టాప్ కంప్యూటర్ మందగించినప్పుడు అందులోని భాగాలను మార్చడం ఎప్పుడు సమంజసమో, కొత్త యంత్రాన్ని కూర్చుకోవడం ఎప్పుడు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రం వయస్సు కాక, పనికి అడ్డుపడుతున్న భాగమే ఈ నిర్ణయానికి ఆధారం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డెస్క్‌టాప్, ర్యామ్, ఎస్.ఎస్.డి., మదర్‌బోర్డు, విండోస్ 11, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:
విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సౌకర్యంతో పాటు, కొద్ది మినహాయింపులతో, ఇంటెల్ ఎనిమిదవ తరం లేదా ఎ.ఎం.డి. రైజెన్ 2000 శ్రేణి, ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. దీనితో చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలను సైతం మార్చవలసిందేనన్న భావన ఏర్పడింది. పరిశోధక వేతనంపై ఆధారపడిన విద్యార్థికి కొత్త యంత్రం చిన్న ఖర్చు కాదు. సిద్ధాంతగ్రంథ సమర్పణ దగ్గరపడిన వేళ పాత యంత్రం ఆగిపోతే కలిగే నష్టం అంతకంటే పెద్దది. కనుక ఈ నిర్ణయాన్ని అంచనాలతో కాక పరిశీలనతో తీసుకోవాలి.

2. పని స్వభావం:
యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు పాఠ్యం యంత్రానికి భారం కాదు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. పది లక్షల సంకేతాలున్న గ్రంథపాఠమైనా 3 మెగాబైట్లలో ఇమిడిపోతుంది.

స్కాన్ చేసిన గ్రంథాల సంగతి వేరు. ఎ5 పరిమాణపు పుటను 300 డి.పి.ఐ.తో రంగుల్లో స్కాన్ చేస్తే సుమారు 43 లక్షల బిందువులు ఏర్పడతాయి. బిందువుకు 3 బైట్ల చొప్పున, పూర్తిగా తెరిచిన ఒక్క పుటకే ర్యామ్‌లో 13 మెగాబైట్లు కావాలి. 400 పుటలకు లెక్కిస్తే ఇది 5 గిగాబైట్లు దాటుతుంది. సాఫ్ట్‌వేర్ సాధారణంగా పుటలన్నిటినీ ఒకేసారి తెరవదు. అయినా నాలుగైదు ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు పరిశీలించేవారికి 4 గిగాబైట్ల ర్యామ్ చాలదు. వందలాది పుటలను ఓ.సి.ఆర్. ద్వారా పాఠ్యంగా మార్చేవారికి ప్రాసెసర్ వేగమూ ముఖ్యమవుతుంది.

3. అవరోధాన్ని గుర్తించడం:
యంత్రం మందగించిన క్షణంలోనే విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌ను తెరిచి ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వినియోగ శాతాలను గమనించాలి. కొన్ని రోజులపాటు ఇలా చూస్తే ఏ భాగం తరచుగా నూరు శాతానికి చేరుతున్నదో తెలుస్తుంది.

పాత యంత్రాలలో ఆ భాగం చాలా వరకు హార్డ్ డిస్క్ అవుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో కావలసిన సమాచారం చదివే మొన కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మొన సరైన వలయానికి జరగడానికి మరికొంత కాలం కావాలి. తిరిగే భాగాలేవీ లేని ఎస్.ఎస్.డి.లో ఈ నిరీక్షణ ఉండదు. పాత మదర్‌బోర్డుకు సాటా పోర్టు ఉంటే చాలు, సాటా ఎస్.ఎస్.డి.ని అమర్చుకోవచ్చు. మెమరీయే అవరోధమైతే ర్యామ్ పెంచాలి. అయితే డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 రకాలు ఒకదాని స్థానంలో మరొకటి అమరవు. కనుక కొనే ముందు బోర్డు ఏ రకానిదో తెలుసుకోవాలి.

4. మార్పుకు హద్దు:
ప్రాసెసరే అవరోధమైనప్పుడు నిర్ణయం క్లిష్టమవుతుంది. 2017లో వచ్చిన ఇంటెల్ ఎనిమిదవ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు అంతకు ముందరి తరాల మాదిరిగానే 1151 స్పర్శబిందువులున్నా, పాత బోర్డులు వాటికి అనుకూలం కావు. ఇందుకు భిన్నంగా, ఎ.ఎం.డి. ఎ.ఎం.4 బోర్డులలో తొలినాటివి కూడా అనేకం, బయోస్ నవీకరణ తర్వాత, 2020లో వచ్చిన రైజెన్ 5000 శ్రేణిని స్వీకరిస్తాయి. ప్రాసెసర్‌తో పాటు మదర్‌బోర్డు, ర్యామ్ కూడా మార్చవలసి వస్తే అది పేరుకే మార్పు, నిజానికి కొత్త నిర్మాణమే. అక్కడ పాత యంత్రంపై ఖర్చు ఆపడం వివేకం.

విండోస్ 11కు టి.పి.ఎం. లేదని తేల్చే ముందు బయోస్‌ను పరిశీలించాలి. కొన్ని బోర్డులలో ఆ సౌకర్యం ఉన్నా ఆపివేసి ఉంటుంది. ప్రాసెసర్ అర్హమైనది కాకపోయినా, రచనకే ఉపయోగపడే యంత్రాన్ని లినక్స్‌తో కొనసాగించవచ్చు. లిబ్రె ఆఫీస్‌లో యూనికోడ్ తెలుగును రాయవచ్చు.

5. కూర్చుకోవడమా, సిద్ధయంత్రమా?
భాగాలు విడిగా కొని కూర్చుకుంటే డబ్బును అవసరమైన చోటనే వెచ్చించవచ్చు, తర్వాత విస్తరించుకోవచ్చు. కానీ ప్రతి భాగానికీ వారంటీ వేరు, లోపం ఎక్కడుందో వాడుకరే కనుగొనాలి. సిద్ధయంత్రానికి ఒకే వారంటీ వర్తిస్తుంది. అయితే కొన్ని సిద్ధయంత్రాలలో బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్. ప్రత్యేక ఆకృతిలో ఉండి మున్ముందు మార్పులకు వీలివ్వవు. సొంత వాడకానికి మొదటిది, కళాశాల ప్రయోగశాలకు రెండవది ఎక్కువగా అనుకూలిస్తాయి.

6. పాత ఫైళ్ళ రక్షణ:
తెలుగు పరిశోధకులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అను వంటి యూనికోడేతర ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చిన వ్యాసాలు, గ్రంథాలు ఎన్నో పాత యంత్రాలలోనే ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠ్యం అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. పాత యంత్రం పనిచేస్తుండగానే వాటిని పి.డి.ఎఫ్.గా భద్రపరచి, యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిచూసుకోవాలి. వేర్వేరు చోట్ల రెండు ప్రతులుంచుకున్న తర్వాతనే యంత్రాన్ని విప్పాలి.

7. ముగింపు:
డిస్క్, మెమరీలు అడ్డయితే భాగాలను మార్చాలి. ప్రాసెసర్‌తో పాటు బోర్డు, ర్యామ్ కూడా మారవలసి వస్తే కొత్త యంత్రాన్ని ఎంచుకోవాలి. ఏ అవరోధమూ కనిపించక, భద్రతా సవరణలు అందుతుంటే వేచి ఉండాలి. మూడు సందర్భాలలోనూ ఫైళ్ళ రక్షణే తొలి పని. యంత్రాన్ని మళ్ళీ కొనుక్కోవచ్చు గాని, ఏళ్ళ తరబడి సేకరించిన క్షేత్రపర్యటన సామగ్రిని తిరిగి సంపాదించడం సాధ్యం కాదు.