కోడికి గురక వస్తే ముందు పరీక్ష



నిన్నటిదాకా మేత మేసిన కోళ్లు ఇవాళ ముడుచుకొని కూర్చున్నాయి. నోరు తెరచి గురకతో ఊపిరి తీస్తున్నాయి. తెల్లారేసరికి నాలుగైదు చచ్చాయి. "ఆఁ, ఏముందండీ, కొక్కెర తెగులే!" అంటారు మీరు. కావచ్చు. బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. రెండూ వైరస్ జబ్బులే. రెండింటిలోనూ ఆయాసం, ఆకుపచ్చ రెట్ట, ఉన్నట్టుండి చావులు ఉంటాయి. ఎంత అనుభవశాలి అయినా కంటితో చూసి తేల్చలేడు.

మరి తేల్చేది ఎట్లా? పశువైద్యులు కొన్ని కోళ్ల గొంతులోనుంచీ, రెట్టదారినుంచీ దూదిపుల్లతో తడి తీస్తారు. ఒక్క కోడి చాలదు సుమండీ! ఆ పుల్లలను ఐసుపెట్టెలో పరీక్షశాలకు పంపుతారు. పి.సి.ఆర్. అనే పరీక్ష ఆ తడిలో ఏ వైరస్ ఉన్నదో పట్టి ఇస్తుంది. బర్డ్ ఫ్లూను నిర్ధారించే జాతీయ పరీక్షశాల భోపాల్‌లో ఉన్నది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్లకు వచ్చినది హెచ్5ఎన్1 అని తేలినది అక్కడి పరీక్షలోనే.

కొక్కెర తెగులు అయితే మిగతా మందలను టీకాతో కాపాడుకోవచ్చు. బర్డ్ ఫ్లూ అయితే చుట్టూ 1 కిలోమీటరు మేర కోళ్లను తీసివేయాలి. అది మనుషులకూ సోకగలదు. అలా తీయించిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అంతకుముందే జబ్బుతో చచ్చినవాటికి ఇవ్వదు.

కనుక చచ్చిన కోడిని కాలువలో వేయకండి. మిగిలినవాటిని హడావుడిగా అమ్మకండి. వట్టి చేతులతో ముట్టకండి. ఆ రోజే పశువైద్యశాలకు కబురు పెట్టండి. మీరు దాచిన జబ్బు రేపు పొరుగువాని షెడ్డులో ఉంటుంది.