కొన్న పేరుకే లెక్క

2020 ఏప్రిల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్‌లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ విలీనమైంది. రాజమహేంద్రవరంలోని హార్లిక్స్ ఫ్యాక్టరీ అలా చేతులు మారింది. భారత్‌లో హార్లిక్స్ అన్న పేరుపై హక్కుల కోసం మాత్రం హిందుస్థాన్ యూనిలీవర్ విడిగా రూ.3,045 కోట్లు చెల్లించింది. ఆ పేరు ఇప్పుడు దాని ఆస్తుల పట్టికలో ఉంది. అదే కంపెనీ ఏళ్ల తరబడి ప్రకటనలిచ్చి పెంచుకున్న సర్ఫ్ ఎక్సెల్ పేరుకు బజారులో ఎంత విలువున్నా, ఆ విలువ పట్టికకు ఎక్కదు.

దీనికి మూలం ఇండ్ ఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణం. సొంతంగా పెంచుకున్న బ్రాండ్లు, పత్రికల పేర్లు, ఖాతాదారుల జాబితాలను ఆస్తిగా చూపకూడదని అది చెబుతుంది. కొన్న పేరుకు బేరంలో ధర తేలిపోతుంది. సొంత పేరుకు యాజమాన్యమే వెల కట్టుకుంటే దానికి హద్దుండదు. అందుకే ప్రకటనల ఖర్చు ఏ ఏడాదిది ఆ ఏడాదే లాభంలోంచి పోతుంది.

పరిశోధనదీ ఇదే దారి. అన్వేషణ దశలో పెట్టిన డబ్బంతా ఖర్చే. ఉత్పత్తి సాంకేతికంగా సాధ్యమని, పూర్తిచేయడానికి వనరులున్నాయని, దానితో ఆదాయం వస్తుందని కంపెనీ చూపగలిగితే, అక్కడినుంచి పెట్టే అభివృద్ధి ఖర్చును ఆస్తిగా రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది చాలావరకు యాజమాన్యం అంచనా. గీత కాస్త ముందే గీస్తే ఈ ఏడాది లాభం పెరిగినట్టు కనిపిస్తుంది.

అంచనా తప్పితే ఏమవుతుందో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ లెక్కల్లో కనిపించింది. 2016లో అది టెవా నుంచి 35 కోట్ల డాలర్లకు కొన్ని జెనరిక్ మందుల హక్కులు కొంది. వాటిలో నువారింగ్ అనే గర్భనిరోధక ఉత్పత్తికి జెనరిక్ ఒకటి. 2019 చివర్లో పోటీ కంపెనీ జెనరిక్ మార్కెట్లోకి రావడంతో, ఈ ఒక్కదాని విలువలోనే రూ.1,100 కోట్లకు పైగా కోత పెట్టాల్సి వచ్చింది. ఆ త్రైమాసికం నష్టంతో ముగిసింది. నిజానికి నగదు చేజారింది 2016లో. నష్టం కాగితం మీదికి వచ్చింది మూడేళ్ల తర్వాత.

అందుకే వార్షిక నివేదికలో పేర్లు, హక్కుల వంటి ఈ ఆస్తుల మొత్తం కన్నా వాటి కింది నోట్స్ ముఖ్యం. ఒక్కో ఆస్తికి ఎన్నేళ్ల ఆయుష్షు కట్టారో, ఏటా ఎంత తగ్గిస్తున్నారో అక్కడ ఉంటుంది. ఆయుష్షుకు పరిమితి లేదన్న బ్రాండ్లకు, కంపెనీలను కొన్నప్పుడు అదనంగా ఇచ్చిన గుడ్‌విల్‌కు ఏటా తగ్గింపు ఉండదు. బదులుగా ఏడాదికోసారైనా విలువ పరీక్ష జరపాలి. ఆ పరీక్షలో ఏ వృద్ధి రేటు, ఏ డిస్కౌంట్ రేటు వాడారో కంపెనీ వెల్లడించాలి.

2021లో కంపెనీల చట్టం షెడ్యూల్ 3ని సవరించి మరో పట్టికను తప్పనిసరి చేశారు. తయారీలో ఉన్న సాఫ్ట్‌వేర్, మందుల ఫార్ములాల వంటివి ఏడాదిలోపువి ఎంత విలువైనవి, మూడేళ్లు దాటినవి ఎంత విలువైనవి అన్నది అందులో తెలుస్తుంది. గడువు మీరినవాటిని, అనుకున్నదానికన్నా ఖర్చు పెరిగినవాటిని విడిగా చూపాలి.

షేరు కొనేముందు మూడు చూడండి: గుడ్‌విల్ నికర విలువలో ఎంత భాగం, విలువ పరీక్షలో ఊహించిన వృద్ధి కంపెనీ గత వృద్ధికి దగ్గరగా ఉందా, మూడేళ్లు దాటినా పూర్తికానివాటి విలువ ఎంత. ఈ మూడింటికీ నోట్స్‌లో సూటిగా జవాబు దొరకకపోతే, ఆ లాభాల అంకెను అంత తొందరగా నమ్మకండి.