రేడియో తరంగములలో ఖాళీని కనిపెట్టు విధము

కంటికి శూన్యముగ దోచు ఆకాశము రేడియో తరంగములతో నిండియున్నది. ప్రసారకేంద్రములకు, పోలీసువారి వైర్లెస్సునకు, సెల్ ఫోనులకు ప్రభుత్వము వేర్వేరు తరంగశ్రేణులను కేటాయించును. ఒకరి శ్రేణిని వేరొకరు వాడరాదు. అయినను హక్కుదారు తన శ్రేణిని అన్ని వేళల, అన్ని చోట్ల వాడడు. బీడుపడిన పొలమువలె అది కొంతకాలము వృథాగ నుండును.

ఈ ఖాళీలను వాడుకొనుటకు తగిన యంత్రమే కాగ్నిటివ్ రేడియో. ఈ భావమును 1999లో జోసెఫ్ మిటోలా అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఇట్టి యంత్రము మొదట వినును. ఖాళీయని తెలిసినచో మాటలాడును. హక్కుదారు వచ్చినంతనే తొలగిపోవును. ఇందలి చిక్కంతయు వినుటయందే యున్నది.

ఉదాహరణమునకు, హైదరాబాదులోని తార్నాకకు తూర్పున నొక ప్రసారకేంద్రము కలదని యూహింతము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1939లో తెరువబడిన ఆర్ట్సు కళాశాల గొప్ప రాతికట్టడము. దాని పడమటి గోడచాటున నుంచిన యంత్రమునకు ఆ ప్రసారము వినబడకపోవచ్చును. అది ఖాళీయని భ్రమించి మాటలాడినచో, ఆ ప్రసారమును వినుచున్న ఇరుగుపొరుగు వారికి ఆటంకము కలుగును. తనకు వినబడకుండుట వేరు, ప్రసారమే లేకుండుట వేరు.

కావున పలు యంత్రములు కూడి వినవలెను. ఒకటి కళాశాలయొద్ద, ఒకటి తార్నాక చౌరస్తాలోని మేడపై, ఒకటి హబ్సిగూడలో నుంచి, మూడింటి మాటను ఒకచోట జేర్చుదము. ప్రతి యంత్రమును హక్కుదారు ఉన్నప్పుడు నూటికి 30 మారులు గుర్తింపలేదనియు, లేనప్పుడు నూటికి 10 మారులు ఉన్నాడని భ్రమించుననియు అనుకొందము. ఏ ఒక్కటి "వింటి" ననినను నమ్ముదమన్నచో, గుర్తింపకపోవుట నూటికి సుమారు 3కు తగ్గును. కాని లేనిపోని భ్రమ 27కు పెరిగి, ఖాళీ వృథాయగును. ఇద్దరైనను చెప్పవలెనన్నచో భ్రమ సుమారు 3కు తగ్గును. గుర్తింపకపోవుట మాత్రము 22 వరకు నిలుచును. హక్కుదారునికి హాని కలుగరాదన్నచో మొదటి నియమమే మేలు.

అయితే ఈ లెక్క యంత్రములు వేర్వేరు చోట్ల నున్నప్పుడే చెల్లును. మూడును ఒకే గోడచాటున నున్నచో వానిది ఒక్క సాక్ష్యమే. మరియు మొదటి నియమమున ఒక్క కపటయంత్రము "వింటి, వింటి" నని యబద్ధమాడి యందరిని తొలగించి, ఖాళీని తానే యనుభవింపవచ్చును. అందుచే ఒక్కొక్కదాని పూర్వపు మాటలు ఎంతవరకు నిజమైనవో కేంద్రము పరిశీలించుచుండవలెను.

అమెరికా ప్రభుత్వ సంస్థ 2010లో, హక్కుదారుల పట్టికను చూచి నడచుకొను యంత్రములు టెలివిజను శ్రేణులలో వినుట తప్పనిసరి కాదని నిర్ణయించెను. కాని పట్టికలో చేరని ప్రసారమును పట్టిక చెప్పజాలదు. దానిని కనిపెట్టుటకు చెవియే కావలెను.

విద్యార్థులు దీనిని స్వయముగ పరీక్షింపవచ్చును. మందముగ వినబడు ఒక స్టేషనునకు మూడు చిన్న రేడియోలను త్రిప్పి, పాఠశాలలో మూడు మూలల ఒకే సమయమున వినుడు. ఎచ్చట వినబడినదో, ఎచ్చట వినబడలేదో పటముపై గుర్తించినచో, ఒక్కరి చెవి ఏల చాలదో తేటపడును.