ఫ్రీమేసన్రీ: నాటి ఆకర్షణ, నేటి ప్రశ్న

హైదరాబాదులోని గోషామహల్ బారాదరి గోల్కొండ కడపటి సుల్తాను తానాషా కాలపు కట్టడం. 1872లో అది ఫ్రీమేసన్ల వశమైంది. తలుపులు మూసుకొని సభలు జరుపుకొనే ఇటువంటి భవనాలను మన దేశంలో జనం 'జాదూఘర్' అనేవారు. మంత్రతంత్రాల మాట వట్టిదే. తెల్లదొరల సరసన నవాబులు, ఉన్నతోద్యోగులు సమానంగా కూర్చోగల అరుదైన చోటు కావడమే దాని అసలు ఆకర్షణ.

1717లో లండనులో పుట్టిన గ్రాండ్ లాడ్జి సంప్రదాయం సభల్లో మత, రాజకీయ వాదాలకు తావివ్వదు. జమాలుద్దీన్ అఫ్ఘానీకి ఇదే నచ్చలేదు. కైరోలో ఒక లాడ్జికి నాయకులై, దానిని రాజకీయ సాధనంగా మలచజూశారు. 1879లో ఈజిప్టు నుండి బహిష్కృతులై వారు వచ్చి చేరినది హైదరాబాదుకే!

1961లో భారత గ్రాండ్ లాడ్జి ఏర్పడేనాటికి దొరల ప్రాభవం పోయింది. ఇక మిగిలినవి పరిచయాలు, దానధర్మాలు. మరి ముస్లిం అందులో చేరవచ్చునా? 1978లో మక్కాలోని ఫిఖహ్ అకాడమీ కూడదని తీర్పు చెప్పింది. అందులోని అంతర్జాతీయ కుట్ర వాదానికి చారిత్రక ఆధారం బలహీనం. కాని ఏ మతస్థుడైనా ఏదో ఒక 'పరమశక్తి'ని నమ్మితే చాలుననడం, గోప్యతకు ప్రమాణం చేయించడం - ఈ రెండూ తౌహీద్‌ను ఎరిగినవారు తేలికగా తీసుకోదగినవి కావు.

అన్యులతో కలిసి మేలు చేయడానికి ఇస్లాంలో అభ్యంతరం లేదు. ప్రవక్త పదవికి పూర్వం దైవప్రవక్త (స) పాల్గొన్న 'హిల్ఫుల్ ఫుదూల్' ఒడంబడిక అటువంటిదే. అందులో దాపరికం లేదు. సరుకు తీసుకొని సొమ్ము ఎగవేసిన ఖురైషు ప్రముఖుని ఇంటికి నేరుగా వెళ్ళి, పరదేశి వర్తకుని హక్కు ఇప్పించారు.